ఒండ్రు నేలలో తంగేడు

పలివెల నుంచి కొత్తపేట వచ్చే దారిలో, కాలవ గట్టు మీద మూడో ఇల్లు సూర్యకుమారిది. రెండు గదుల డాబా, ముందు రేకుల పంచ, పక్కన చేతిపంపు, నాలుగు కొబ్బరి చెట్లు. ఆ పెరట్లో గునపం దింపితే మూడడుగుల్లో నీళ్లు ఊరతాయి. వానాకాలమంతా గోడలకి నాచు. ఉతికిన చీర రెండు రోజులకి గానీ ఆరదు, అగ్గిపుల్ల నాలుగుసార్లు గీస్తే గానీ వెలగదు. ఊళ్లో ఎవరికీ అది వింత కాదు. నేలంటే తడిగానే ఉంటుందనుకుని పుట్టి పెరిగినవాళ్లు.

సూర్యకుమారికి నలభై మూడేళ్లు. పొద్దున ఎనిమిదింటికి టిఫిను డబ్బా పట్టుకుని పీచు మిల్లుకి వెళ్తుంది. అయిదున్నరకి కనుబొమల మీద గోధుమరంగు దుమ్ముతో తిరిగొస్తుంది. కొబ్బరి డొక్కల్లోంచి పీచు లాగేశాక మిగిలే పొట్టుని తట్టలకెత్తి, ఎండలోకి మోసి ఆరబోయడం ఆమె పని. ఆ పొట్టు చెంబుడు నీళ్లు పోస్తే మూడు రోజులు దాచుకుంటుంది. అందుకే ఆ చుట్టుపక్కల ఎవరు కుండీలో ఏ మొక్క పెట్టినా అడుగున దోసెడు పొట్టు వేస్తారు. గులాబీ అయినా, మిరప నారు అయినా.

భర్త మాణిక్యాలరావు లారీ డ్రైవరు. అంబాజీపేటలో కొబ్బరికాయల లోడు ఎత్తుకుని సోలాపూర్ మీదుగా పైకి వెళ్లేవాడు. నెలలో వారం ఇంట్లో ఉంటే గొప్ప. కిందటేడాది మే నెలలో జహీరాబాదు దాటాక, రోడ్డు పక్కన లారీ ఆపుకుని, స్టీరింగు మీద తల ఆనించి ప్రాణం వదిలాడు. గుండె ఆగిపోయిందన్నారు.

ఫోను అమ్మిరాజు చేశాడు. ఆ లారీకి రెండో డ్రైవరు, యాభై దాటిన మనిషి. పన్నెండేళ్లుగా మాణిక్యాలరావుతో ఒకే క్యాబిన్లో తిన్నాడు, పడుకున్నాడు. సూర్యకుమారి తన మరిది నాగసతీష్‌తో కలిసి కారులో వెళ్లింది. ఆస్పత్రిలో కాగితాలు తయారయ్యేదాకా ఒక బెంచీ మీద కూర్చోమన్నారు. కూర్చుంది. కాసేపటికి లేచి, "బండి ఎక్కడ ఆగిందో చూపిస్తారా అన్నయ్యగారూ?" అని అమ్మిరాజుని అడిగింది.

అక్కడ చూడడానికి ఏమీ లేదు. ఎర్రమట్టి, రాళ్లు, కంటి నిండా ఎండ. గడ్డి కూడా మాడిపోయి ఉంది. రోడ్డు పొడుగునా నడుమెత్తు తుప్పలు మాత్రం ఉన్నాయి. వాటి కొమ్మల చివర్న పసుపు పువ్వులు. చుక్క నీరు లేని చోట అంత పసుపు ఎక్కణ్ణుంచి వచ్చిందో అర్థం కాలేదు.

"ఇవేంటి?"

"తంగేడండి చెల్లెమ్మా. ఈ రోడ్డంతా ఇవే." అమ్మిరాజు తుండుగుడ్డ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. "నీళ్లడిగేడు చెల్లెమ్మా. బాటిలు ఖాళీ. అదిగో, ఆ దాబా... కనపడతానే ఉంది. పరిగెత్తేను. తెచ్చేను. మూత తీసేసరికి..."

"అత్తకి చెప్పకండి."

"చెప్పనమ్మా. ఎలా చెప్తాను?"

డ్రైవరు సీటు ఎత్తులోంచి చూస్తే ఎదురుగా కనిపించేది ఆ తుప్పలే. ఆయన ఆఖరున చూసిన రంగు అదే అయ్యుంటుంది అనుకుంది సూర్యకుమారి. చెయ్యి దానంతటదే చాచి ఎండిన కాయలు కొన్ని తెంపింది. చెంగున ముడేసుకుంది. ఏడుపు అప్పుడూ రాలేదు.

ఆ తరవాతా రాలేదు. పెద్దకర్మనాడు ఇంటినిండా జనం ఉన్నారు. అత్తగారు వరహాలమ్మ గుండెలు బాదుకుంటుంటే ఆమె విస్తళ్లు లెక్కపెట్టి వేసింది. కాకినాడలో నర్సింగు చదువుతున్న కూతురు అనిత ఒళ్లో తల పెట్టుకుని ఏడిస్తే జుట్టు నిమిరింది. చెయ్యి నిమురుతోంది, ఆమె చూస్తోంది. అంతే. ఒంటిమీద ఇంకెవరిదో చర్మం కప్పుకున్నట్టుంది ఆమెకి. వేడి తగిలితే వేడి అని తెలుస్తుంది. కాలదు.

మిల్లులో వీరాయమ్మ ఊరుకునే మనిషి కాదు.

"ఏడిసేయవే కుమారీ. లోపలుంచుకుంటే జబ్బు చేస్తాది."

"రావట్లేదు అక్కా."

"రాకపోడమేంటే? రెండు ఉల్లిపాయలు కోసి చూడకపోయావా?"

పక్కనున్నవాళ్లు నవ్వి, నవ్వినందుకు నాలిక్కరుచుకున్నారు. సూర్యకుమారి కూడా నవ్వింది. నవ్వు వస్తోంది, అన్నం సహిస్తోంది, నిద్ర పడుతోంది. ఆయన పోయాక ఆమెకు ఒక్కటే కావాలనిపించింది. ఆ పసుపు పువ్వు తన పెరట్లో పూయాలి. పూసిన రోజున లోపల ఏదైనా కదులుతుందేమో చూడాలి. ఎవరికీ చెప్పలేదు గానీ, అదొక్కటే.

జూన్‌లో పంపు పక్కన మట్టి గుల్ల చేసి సగం గింజలు నాటింది. ఒక్కటీ మొలవలేదు. కడియం నుంచి మొక్కల బండి వేసుకొచ్చే అతన్ని అడిగింది.

"తంగేడా అండీ?" అతను బండి స్టాండు వేసి మరీ ఆశ్చర్యపోయాడు. "దాన్నెవరు కొంటారండి బాబూ! రోడ్డు పక్క పిచ్చితుప్ప. ముద్దమందారం పెట్టుకోండి, పసుపే కావాలంటే పసుపుదుంది."

"వద్దండి."

"బంతి నారిమ్మంటారా?"

"వద్దండి."

మిగిలినవాటిలో సగం పాత సిమెంటు గోలెంలో పొట్టు నింపి వేసింది. రెండు మొలిచాయి. చిటికెన వేలంత అయ్యాక మెడ దగ్గర నల్లబడి ఒకే రోజు రెండూ వాలిపోయాయి. దాహమేసిందేమోనని మరో చెంబు పోసింది. మర్నాటికి వేలితో తాకితే వేరు మెత్తగా ఊడి వచ్చింది.

వెనక వీధిలో ఆత్రేయ మాస్టారుంటారు. రిటైరైన సైన్సు మాస్టారు. ఉద్యోగంలో చాలాకాలం అనంతపురంలో చేశారని విని, మిల్లు సెలవునాడు వెళ్లింది. ఆయన అరుగు మీద పేపరు చదువుతున్నారు.

"తంగేడా? కోనసీమలోనా?" కళ్లజోడు తీసేశారు. "దేంట్లో పెట్టేవమ్మాయ్?"

"పొట్టులోనండి."

"నీళ్లు?"

"రెండు పూటలా పోసేనండి."

"ఆయ్! అయితే నువ్వే చంపేవు." ఆయన కోపంగా అనలేదు, లెక్క తప్పు చేసిన పిల్లతో అన్నట్టు అన్నారు. "అక్కడ వాన మొహం చూడకుండా నెలలు నెలలు బతుకుతుందమ్మా అది. దానికి దాహం అలవాటు. మనకేమో చూసిన ప్రతిదానికీ నీళ్లు పొయ్యడం అలవాటు. గింజ మొద్దుది. గరుకు రాతి మీద కాస్త అరగదీసి, వేణ్ణీళ్లలో ఓ పూట నానబెట్టు. గోదారి ఇసక తెచ్చి ఎత్తుగా పోసి అందులో పెట్టు. అడుగున పెంకు ముక్కలు వెయ్యి. మొలిచాక మర్చిపో."

"మర్చిపోవాలాండి?"

"అంటే చెంబు పట్టుకుని దాని దగ్గరికి వెళ్లకు. పూస్తే నాకు నాలుగు పువ్వులు పంపు. కషాయం కాచుకుంటే సుగరుకి మంచిది."

లోపల్నుంచి ఆయన భార్య భ్రమరాంబగారు, "ముందు జున్ను మానమనమ్మా ఆయన్ని, తరవాత కషాయం సంగతి చూద్దాం," అన్నారు.

కార్తీకంలో వానలు తగ్గాక పని మొదలుపెట్టింది. పెరట్లో ఎప్పటిదో నూతి వర ఒకటి పడి ఉంది, నాలుగడుగుల వెడల్పు సిమెంటు చుట్టు. దాన్ని దొర్లించుకుంటూ పంచ ముందుకి తెచ్చింది. అడుగున పాత ఇంటి పెంకు ముక్కలు పరిచింది. పైన నాగసతీష్ ట్రాక్టరులో తెచ్చిపోసిన ఇసక నింపింది. ఆఖరి గింజలు అయిదు. గడప రాతి మీద ఒక్కొక్కటీ అరగదీసింది. అయిదింట్లో మూడు మొలిచాయి. ఒకదాన్ని కోడి గీరేసింది, ఇంకొకటి ఊరికే ఎండిపోయింది. ఒక్కటి నిలిచింది.

ఆ ఒక్కటీ పోతే ఇంక గింజ లేదు. ఆ దారిన ఆమె మళ్లీ వెళ్లేది లేదు.

సంక్రాంతికి జానెడైంది. మే నెలలో ఆయనకి సంవత్సరీకం పెట్టేనాటికి మోకాలెత్తయింది. ఆ ఎండలకి వాకిట్లో మందారం సొమ్మసిల్లింది గానీ అది నిటారుగా నిలబడింది. చిన్న చిన్న ఆకులు, వరసగా, దువ్వినట్టు. సూర్యకుమారి మిల్లు నుంచి రాగానే ఇసకలో వేలు దింపి చూసేది. పొడిగా తగిలితే లేచి కాళ్లు కడుక్కునేది. దాన్ని పెంచడమంటే అంతే, ఏమీ చెయ్యకపోవడం. ఆమెకి ఆ పని బాగా కుదిరింది.

వానలు పడగానే మాణిక్యాలరావు లారీ పరదా తీసి, నాలుగు వెదురు కర్రలు పాతి, వర మీద పందిరిలా కట్టింది. గ్రీజు మరకల పరదా. వీధిలో వెళ్లేవాళ్లు ఆగి చూసేవారు. పైరు మునిగిపోతోందని జనం గోలపెడుతుంటే ఈవిడ పిచ్చితుప్పకి గొడుగు పట్టిందనుకునేవారు.

శ్రావణమాసం మధ్యలో కింది ఆకులు పసుపెక్కాయి. కొమ్మ తడితే జలజలా రాలాయి. వేలు దింపింది. ఇసక తడిగా తగిలింది. పరదా అంతా తడిమి చూసింది, చిల్లు లేదు. వర చుట్టూ గాడి తవ్వింది. మర్నాడు మళ్లీ తడి. ఇంకో వరస ఆకులు పసుపు. కాండం మొదట్లో మసకగా, నల్లగా ఒక చార కనిపించింది. ఆ చార ఆమెకి తెలుసు.

మర్నాడు మిల్లులో కరెంటు పోయి మోటార్లు ఆగిపోయాయి. పదకొండింటికే ఇంటికి పంపేశారు.

గేటు తియ్యబోతూ చూసింది. వరహాలమ్మ వర పక్కన నిలబడి ఉంది. డెబ్బయ్యొక్కేళ్ల మనిషి, నెత్తి మీద చెంగు కప్పుకుని, ఎడమచేతిలో చెంబు పట్టుకుని, కుడి అరచేతిలో నీళ్లు పోసుకుంటోంది. ఆ నీళ్లు బొటనవేలి పక్కగా మొక్క మొదట్లోకి జారవిడుస్తోంది. గోదావరి రేవులో నాగసతీష్ తన అన్నకి తర్పణం వదిలినట్టే. పెదాలు కదులుతున్నాయి. "తాగు నాయనా. తాగు."

సూర్యకుమారి వెళ్లి చెంబు పట్టుకుంది. లాక్కోలేదు. పట్టుకుంది.

"ఎన్నాళ్ల నుంచి పోస్తున్నావత్తా?"

"ఏం పోసేను? చెంబుడు."

"రోజూనా?"

"రోజూ కాపోతే? మనిషి రోజు మార్చి రోజు తాగుతాడా?"

"ఇది చచ్చిపోతాదత్తా. వేళ్లు కుళ్లిపోతన్నాయి. మాస్టారు చెప్పేరు, నీళ్లు పొయ్యకూడదని."

"మాస్టారికేం తెలుసు, కన్నాడా పెంచేడా? నీళ్లు పోస్తే చచ్చిపోయే చెట్టు ఎక్కడైనా ఉంటాదే? ఎండి చచ్చినవి చూసేను గానీ..."

"అత్తా, ఒక్కటే మిగిలింది."

"నాకూ ఒక్కడే పెద్దకొడుకు!" అరిచింది వరహాలమ్మ. "వాడి మొహం ఎవరు తుడిచేరే? నేను తుడిచేను. పెదాలు పేలికల్లా చీలిపోయున్నాయి. ఈ కాలవలో ఈత కొడతా గుటకలేసిన పిల్లోడు. వాడు దాహంతో ఎల్లిపోయేడు. మీరెవరూ చెప్పలేదు, నాకు తెలీదనుకున్నారు. తమ్ముడు రేవులో నీళ్లొదిలేడు. నేనూ వదుల్తానంటే ఆడదానివి, తల్లివి, పనికిరాదన్నారు. ఆ చోటు నుంచి నువ్వు తెచ్చేవు దీన్ని. ఇక్కడ నాకెవరడ్డం?"

పరదా మీద వాన మొదలైంది. సూర్యకుమారి చెంబు వదల్లేదు. ముసలామెని ఆపాలంటే కంచె కట్టాలి, లేదా ఇంట్లో పెట్టి తాళం వెయ్యాలి. ఆపకపోతే నాలుగు రోజుల్లో మొక్క పోతుంది. ఆ నల్లచార వైపు చూస్తూ, తను ఏం చెప్పబోతోందో తనకే తెలియకుండా నోరు తెరిచింది.

"దాహంతో పోలేదత్తా. తాగేరు."

"ఏంటి?"

"మజ్జిగ తాగేరు. బండి అందుకే ఆపేరంట. రోడ్డు పక్కన ఒకావిడ కుండ పెట్టుకుని అమ్ముతోంది. రెండు గ్లాసులు తాగేరు."

వరహాలమ్మ ఆమె మొహంలోకి చూసింది. "ఎవరు చెప్పేరు?"

"అమ్మిరాజన్నయ్యగారు. పక్కనే ఉన్నారు కదా."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదు కదత్తా."

వాన జోరందుకుంది. వరహాలమ్మ ఇంకా దగ్గరికి జరిగింది. "ఉప్పేసుకున్నాడా? వాడికి ఉప్పు లేందే దిగదు."

"వేసుకున్నారు. చాల్లేదని మళ్లీ అడిగి వేయించుకున్నారంట."

"పచ్చిమిరపకాయ?"

"నలిపి వేసిందంట ఆవిడ. అల్లం కూడా. తాగి మూతి తుడుచుకుని, మా అమ్మ చేసేదాని ముందు ఇదెంత అన్నారంట. అని, బండెక్కి కూర్చుని, కాస్త కునుకు తీస్తానని తల వాల్చేరంట."

ఒక్కో మాటా చెప్తుంటే ఆమెకి ఆ కుండ కనిపించింది. కుండ చుట్టూ తడిపి చుట్టిన గోనె కనిపించింది. మూతి తుడుచుకున్న తుండుగుడ్డ కూడా కనిపించింది, నీలం గళ్లది. జరిగిన దాన్ని ఆమె ఎప్పుడూ ఇంత స్పష్టంగా చూడలేదు. జరగనిది ఇంత తేటగా ఉంది.

"అన్నాడా ఆ మాట?" వరహాలమ్మ బుగ్గలు తడిసిపోయాయి. నవ్వుతోంది. "పోసిన మజ్జిగంతా తాగేసి వంక పెడతాడు ఎదవ. చిన్నప్పుణ్ణుంచీ అంతే."

కోడలి చేతిలోంచి చెంబు విడిపించుకుంది. పైకెత్తి, మిగిలిన నీళ్లు గటగటా తనే తాగేసింది. గడ్డం మీంచి కారి రవిక తడిసింది. చెంబు బోర్లించి పంచలోకి వెళ్లిపోయింది.

ఆ పూటే సూర్యకుమారి తడి ఇసక తీసి పారేసి, పంచలో ఆరబోసి ఉంచిన ఇసక నింపింది. పసుపెక్కిన కొమ్మలు కత్తిరించేసింది. నల్లచార మీద పసుపూ బూడిదా కలిపి రాసింది. బతుకుతుందని గానీ పోతుందని గానీ అనుకోలేదు. రోజూ వేలు దింపి చూసింది. పొడి. మర్నాడూ పొడి. వినాయకచవితి వెళ్లాక, కత్తిరించిన చోట ఎర్రటి చిగురు బియ్యపు గింజంత పైకి వచ్చింది.

వరహాలమ్మ ఇంక చెంబు తీసుకుని అటు వెళ్లలేదు. ఏడవడమూ తగ్గింది. గేటు దగ్గర ఎవరు ఆగినా మజ్జిగ సంగతి చెప్పేది. వీరాయమ్మకి చెప్పింది, పాలవాడికి చెప్పింది. ఫోనులో అనితకి చెప్తే అది, "అవునా నానమ్మా? నాకెవరూ చెప్పలేదేం?" అని అటు ఏడ్చింది. చెప్పినకొద్దీ కుండ పెద్దదైంది. మజ్జిగావిడకి ఒక పేరు కూడా వచ్చింది.

కార్తీక పౌర్ణమి దాటిన నాలుగో రోజు పొద్దున మిల్లుకి బయల్దేరబోతూ చూసింది సూర్యకుమారి. కొమ్మ చివర మూడు పువ్వులు విచ్చి ఉన్నాయి. ఆ రంగే. టిఫిను డబ్బా కింద పెట్టి, దాని ముందు నిలబడింది. రేకలు పల్చగా ఉన్నాయి, మధ్యలో వంకర తిరిగిన కాడలు. ఒక చీమ పాకుతోంది. కాసేపు ఎదురుచూసింది. కాలవలో నీళ్ల చప్పుడు, ఎవరింట్లోనో కుక్కర్ ఈల. ఇంకేమీ రాలేదు. ఎనిమిదయింది. డబ్బా తీసుకుని వెళ్లిపోయింది. ఒక పువ్వు తెంపి మాస్టారి గుమ్మంలో పెట్టి వెళ్దామనుకుంది గానీ, మూడే ఉన్నాయి.

ఆ ఆదివారం అమ్మిరాజు వచ్చాడు. లోడుకి రెండు రోజులు ఆలస్యముందట, చూసిపోదామని వచ్చాడు. గేటులో అడుగుపెట్టి ఆగిపోయాడు. తంగేడు వైపు చూస్తూ చెప్పులు విప్పడం మర్చిపోయాడు.

"ఇక్కడెలా బతికింది చెల్లెమ్మా ఇది?"

సూర్యకుమారి నోరు తెరిచేలోగా వరహాలమ్మ పంచలోంచి కేకేసింది. "రా నాయనా, రా. నువ్వైనా ముందే చెప్పొచ్చు కదరా ఆ సంగతి! ఏడాది పైగా కుళ్లి కుళ్లి ఏడ్చేను."

"ఏ సంగతి పిన్నీ?"

"మజ్జిగ సంగతి! వాడు తాగేడంట కదా, రెండు గ్లాసులు. ఉప్పు మళ్లీ వేయించుకున్నాడంట కదా. నా మజ్జిగ ముందు ఇదెంత అన్నాడంట కదా."

అమ్మిరాజు తల తిప్పి సూర్యకుమారిని చూశాడు. ఆమె కూడా అతన్నే చూస్తోంది. సైగ చెయ్యలేదు. మంచినీళ్ల గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. మెల్లిగా వెళ్లి ముసలామె మంచం కోడు దగ్గర నేల మీద చతికిలబడ్డాడు.

"ఆయ్ పిన్నీ," అన్నాడు. "రెండు కాదు, మూడు. మూడోది నేను కొనిపెట్టేను."

వరహాలమ్మ అతని తల మీద చెయ్యేసి కోడలి వైపు తిరిగింది.

"మూడంటే! విన్నావా?"

"విన్నానత్తా," అంది సూర్యకుమారి, గ్లాసు అమ్మిరాజుకి అందిస్తూ.